పద్దుపుస్తక మెవరి చేతిలో నున్నది?

మన యూళ్లలో సంఘములకు కొదువ లేదు. వినాయకచవితికి పందిరి వేయుట కొకటి, అభిమాననటుని చిత్రము విడుదలయైన దినమున బొమ్మకు పాలు పోయుట కొకటి, క్రికెట్టు పందెములకు చందాలు వసూలు చేయుట కొకటి. ఇవి చాలక బాలబాలికలకు జీవననైపుణ్యములు నేర్పుదుమను సంఘములు కూడ ఇటీవల పట్టణములందు వెలసినవి. వీనిని మేము నిందింప బూనలేదు. పిల్లలు పదిమంది యొకచోట చేరి యొక పనిని తలపెట్టి దానిని కడముట్టించుటకంటె మేలైన విద్య మాకు తెలియదు. మా తగవెల్ల ఆ పనిని వారి చేతులలోనుండి లాగికొను పెద్దలతోడిది. ఆ పెద్దలలో మేమును చేరియుంటిమి కావున, ముందుగా మా తప్పును చెప్పికొని పిమ్మట ఇతరుల తప్పులకు వత్తుము.

మా పేటలో నొక బాలసంఘము కలదు. దాని పేరుతో ఇచ్చట పని లేదు. గత సంవత్సరము ఫిబ్రవరి మాసమున ఆ సంఘమువారు 14 మంది పిల్లలకు ఒక ఇంటి వెనుకనున్న 3 సెంట్ల ఖాళీస్థలమును, 600 రూపాయల సొమ్మును ఇచ్చి, కూరగాయలు పండింపుడనిరి. పిల్లలలో పదియేండ్లవారు మొదలు పదునైదేండ్లవారి వఱకు నుండిరి. వారు తమలో నొక పిల్లవానిని అధ్యక్షునిగా ఎన్నుకొని, డబ్బుపెట్టె తాళపుచెవియు పద్దుపుస్తకమును పదమూడేండ్ల యొక బాలికకు అప్పగించిరి. బెండవిత్తులను రాత్రి నానబెట్టి మఱునాడు నాటిరి. గోంగూర చల్లిరి. నీరు పోయుటకు వంతులు వేసికొనిరి. వంతు తప్పినవానికి రెండు రూపాయల జరిమానా విధించిరి. ఆ జరిమానా మొట్టమొదట చెల్లించినవాడు అధ్యక్షుడే యని విని మేము నవ్వుకొంటిమి.

నలువది దినములు దాటుసరికి బెండకు పూత వచ్చెను. పిందెలు దిగెను. ఆ వారముననే కొన్ని మొక్కల ఆకుల ఈనెలు పసుపువన్నెకు తిరిగెను. పిల్లలు భయపడి సమీపమున నున్న యొక తోటమాలిని పిలిచికొని వచ్చిరి. ఆయన చూచి, "ఇది పల్లాకు తెగులమ్మా, తెల్లదోమ తెస్తుంది, పట్టిన మొక్కకు మందు లేదు, పీకి తగలబెట్టండి, మిగిలినవన్నా దక్కుతాయి" అనెను. కాయలు కాయుచున్న మొక్కను తన చేతులతో పెఱికివేయుట ఎవరికైనను కష్టమే. పిల్లలు ఆ సాయంకాల మెల్ల వాదించుకొనిరి. ఒక చిన్నవాడు తాను నాటిన వరుసను ముట్టుకొనవద్దని యేడ్చెను. కట్టకడపట చేతులెత్తించి లెక్కించిరి. పెఱుకవలెనన్నవారు 8 మంది, వలదన్నవారు 6 గురు. సగము మొక్కలు పోయినవి. అయినను తెగులు ఆగలేదు, తక్కినవానికిని సోకెను. మొత్తముమీద వారికి దక్కినది రెండున్నర కిలోల బెండకాయలును, నాలుగు కట్టల గోంగూరయు మాత్రమే.

సరిగా ఆ సమయమునకే వార్షికోత్సవము వచ్చెను. పట్టణములోని పెద్ద యుద్యోగి యొకరు ముఖ్య అతిథిగా రానుండిరి. పత్రికలవారిని పిలిచియుండిరి. "ఈ రెండున్నర కిలోలు బల్లమీద పెడితే పరువేమి కావలెను?" అని కార్యవర్గమువారు తలపోసి, ముందునాటి ప్రాతఃకాలమున రైతుబజారునకు పోయి బెండకాయలు, వంకాయలు, టమాటాలు కొని తెచ్చి, రంగుకాగితములు చుట్టిన బుట్టలలో నింపిరి. పిల్లలు వంగమొక్క యైనను నాటలేదను సంగతి ఎవరికిని తట్టలేదు! అతిథిగారు ఒక టమాటాను చేతబట్టి, ఈ చిన్నారులు స్వహస్తములతో పండించిన పంట యని పొగడిరి. పిల్లలు ఒకరి ముఖము నొకరు చూచికొనిరి. వేదికపై మూడవ కుర్చీలో కూర్చున్న మేము చప్పట్లు కొట్టితిమి.

రెండు దినముల పిమ్మట ఆ బాలిక పద్దు వ్రాయుచు, ఖర్చు వైపున "రైతుబజారులో కొన్న కూరగాయలు – 340 రూపాయలు" అని వ్రాసెను. డబ్బు పెట్టెలోనుండి పోయినది, చీటీ ఆమెకు అందినది, ఆమె వ్రాసినది. ఇందు తప్పేమున్నది? కార్యవర్గములోని పెద్దమనిషి యొకరు దానిని చూచి, "ఇలాంటివి వ్రాయకూడదమ్మా" అని ఆ పుటను చింపి, రెండు మడతలుగా మడిచి జేబులో పెట్టుకొనిరి. బాలిక ఏమియు అనలేదు. తాళపుచెవిని బల్లపై పెట్టి ఇంటికి పోయెను. నాటినుండి ఆమె సంఘమునకు రాలేదు.

ఈ వృత్తాంతమును మేము ఇంత విస్తరించి చెప్పుటకు కారణ మున్నది. ఇది మా పేటకు మాత్రమే పట్టిన తెగులు కాదు. పిల్లల పేరిట జరుగు పెక్కు కార్యములలో పిల్లల పని యొకటి, పెద్దల ప్రదర్శన మొకటి; రెండవదాని కొఱకు మొదటిది బలియగుచున్నది. విజ్ఞానప్రదర్శనములలో బల్లమీదనున్న యంత్రములను ఎవరు చేసిరో ఆ బల్ల వెనుక నిలుచున్న పిల్లవానికంటె వాని తండ్రికే బాగుగా తెలియును. వక్తృత్వపు పందెములలో వినబడు మాటలు పిల్లవానివి, వాక్యములు ఉపాధ్యాయునివి. మొక్కలు నాటు దినమున నాటినవాని ఛాయాచిత్రము పత్రికలో పడును. ఆ మొక్కకు మఱునాడు నీరు పోయువాని పేరు అడుగువాడు లేడు.

ప్రపంచ ఆరోగ్య సంస్థవారు 1990వ దశకమున జీవననైపుణ్యములని పదింటిని పేర్కొనిరి. నిర్ణయము చేయుట, సమస్యను విప్పుకొనుట, క్రొత్తగా ఆలోచించుట, మంచిచెడ్డలు విమర్శించి చూచుట, మాటను ఎదుటివానికి అందునట్లు చెప్పుట, నలుగురితో కలసి మెలగుట, తన్ను తాను ఎఱుగుట, పరుల బాధను తెలిసికొనుట, ఉద్వేగమును తాళుకొనుట, ఒత్తిడిని ఓర్చుకొనుట – ఇవి ఆ పది. పట్టిక మంచిదే. దానితో మన పాఠశాలలు చేసిన పని యేమి? కొన్నిచోట్ల ఈ పదింటికి ఒక పుస్తకము అచ్చువేసి, వారమునకొక గంట కేటాయించిరి. పరుల బాధను తెలిసికొనుట యన నేమి, నాలుగు వాక్యములలో వ్రాయుమను ప్రశ్నను మేము కన్నులార చూచితిమి. ఈతకు నిర్వచనము వ్రాసినవానికి మార్కు లిచ్చి ఏటిలోనికి తోయుదురా?

ఆ 3 సెంట్ల నేలలో, ఆ 60 దినములలో, ఈ పదియు పాఠమను పేరు లేకుండ జరిగినవి. మొక్కను పెఱుకుటా మానుటా యన్నది నిర్ణయము. తోటమాలిని వెదకి తెచ్చుట సమస్యను విప్పుకొనుట. ఏడ్చిన చిన్నవాని వరుసను కడపటి దాక ఉంచిరని మేము తరువాత వింటిమి. అది పరుల బాధ తెలియుట కాదా? ఓడిపోయిన ఆరుగురును మఱునాడు వచ్చి ఎనమండుగురితోపాటు మొక్కలు పెఱికిరి. మన శాసనసభలలో సయితము తఱచుగా కానరాని గుణ మిది. ఆ ఉత్సవమున బల్లపై పెట్టదగినది యొక్కటే: ఈనెలు పసుపెక్కిన బెండాకు. దాని ప్రక్కన ఆ బాలిక వ్రాసిన లెక్క. ఆ రెండును చూపి, మా పంట ఇట్లు పోయినది, వచ్చు ఏడు ఈ తెగులును తట్టుకొను విత్తనము తెత్తుము అని పిల్లలచేత చెప్పించియుండినచో, ఆ అతిథియు ఏదో కొంత నేర్చికొని యింటికి పోయియుండును. దానికి మాఱు మేము వారికి పదునొకండవ నైపుణ్యమును నేర్పితిమి. అది యేదియో చదువరులకు వేఱుగ చెప్పనక్కఱలేదు.

ఇట్టి సంఘములు మొదట పుట్టిన తీరును తలచుకొన్నచో మన దోషము ఇంకను స్పష్టమగును. 1902 జనవరిలో అమెరికాలోని ఒహాయో రాష్ట్రమున క్లార్క్ మండలమునందు ఆల్బర్ట్ గ్రాహము అను పాఠశాలల పర్యవేక్షకుడు పల్లె బాలబాలికలను చేరదీసి, మొక్కజొన్న పెంచుట, తోటలు వేయుట, మట్టిని పరీక్షించుట మున్నగు పనులకు పురికొల్పెను. ఆ కాలపు వ్యవసాయ కళాశాలలవారు క్రొత్త పద్ధతులు కనిపెట్టి చెప్పుచున్నను పెద్ద రైతులు చెవిని పెట్టకుండిరి. తాతనాటి సేద్యమును పుస్తకములవాడు వచ్చి మార్పవలెనా యని వారి పౌరుషము. పిల్లలకు అట్టి పౌరుషము లేదు. వారు ఇంటి చేలో నొక మూల క్రొత్త విత్తనము వేసి చూచిరి. కొడుకు మూలలో కంకి పెద్దదైనప్పుడు తండ్రియే వచ్చి అడిగెను. అనగా ఆ సంఘములలో పిల్లవాడు పెద్దలకు నేర్పినవాడు. మన సంఘములలో పిల్లవాడు పెద్దల ముచ్చట తీర్చువాడు.

1910లో దక్షిణ కెరొలైనా రాష్ట్రమున మేరీ క్రోమర్ అను ఉపాధ్యాయిని బాలికల కొఱకు టమాటా సంఘమును స్థాపించెను. ఒక్కొక్క బాలికకు ఎకరములో పదియవ వంతు, అనగా మన లెక్కకు పది సెంట్లు. ఆ నేలలో పండిన టమాటాలను డబ్బాలలో నిలువచేసి అమ్ముట, వచ్చిన సొమ్మును తామే లెక్క చూచుకొనుట వారి పని. ఆ సొమ్ముతో పై చదువులకు పోయిన బాలికలు కలరు. ఆడపిల్ల చేతికి తన కష్టార్జితమైన డబ్బు వచ్చుట ఆ దేశమునను నాడు అరుదే. 1914లో స్మిత్–లీవర్ శాసనము వచ్చి ఈ సంఘములకు వ్యవసాయ కళాశాలల అండ కలిగెను. తల, గుండె, చేయి, ఆరోగ్యము అను నాలుగు మాటలకును ఆంగ్లమున మొదటి అక్షర మొక్కటియే యగుటచే "ఫోర్ హెచ్" అను పేరు వానికి స్థిరపడినది. ఆ సంఘములలో పిల్లవాడు తన పనిని గూర్చి తానే పద్దు వ్రాయుట మొదటినుండియు ఆచారము. ఖర్చెంత, రాబడి యెంత, చేసిన పొరపాటేమి – అన్నియు అందుండును.

ఆ దేశమును ఆకాశమున కెత్తుట మా యుద్దేశము కాదు. నాలుగు రేకుల ఆకును గుర్తుగా పెట్టుకొన్న ఆ సంఘములే దక్షిణ రాష్ట్రములలో నల్లజాతి పిల్లలను వేఱుపంక్తిలో కూర్చుండబెట్టినవి. వారికి వేఱు సంఘములు, వేఱు శిబిరములు, తక్కువ సొమ్ము. 1964 పౌరహక్కుల శాసనము వచ్చినదాక ఆ యడ్డుగోడ కూలలేదు. గుండె యని బ్యాడ్జీపై వ్రాసికొన్నంతమాత్రమున గుండె పుట్టదు. ఈ మాట మనకును తగులును. ఎట్లో ముందు చెప్పుదుము.

మన దేశమున నేమి జరిగినది? 1907లో బేడెన్ పవెల్ దొర ఇంగ్లండున బ్రౌన్‌సీ ద్వీపమునందు బాలురతో తొలి శిబిరము నడపిన పిమ్మట స్కౌటు ఉద్యమము ఇచ్చటికిని వచ్చెను గాని, మొదట భారతీయ బాలురకు అందు చోటు లేదు. ఆ లోపమును పూరించుటకే 1916లో అనీబెసంటమ్మ మద్రాసున భారతీయ బాలుర స్కౌటు సంఘమును నెలకొల్పెను. పిమ్మట మదనమోహన మాలవ్యా ప్రభృతులు సేవాసమితి స్కౌటులను ఏర్పఱచిరి. ఇట్టివన్నియు 1950లో ఏకమై నేటి భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ అయినది. తెలుగువారిలో న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు 1940లో మద్రాసున ఆంధ్ర బాలానంద సంఘమును స్థాపించి, రేడియోలో పిల్లలచేతనే పాడించి ఆడించిన సంగతి పాతతరమువారు ఎఱుగుదురు. 1969లో జాతీయ సేవాపథకము 37 విశ్వవిద్యాలయములలో 40,000 మంది విద్యార్థులతో మొదలైనది. కనుక మనకు మార్గము తెలియక కాదు.

కాని మేము ప్రత్యేకముగ తలచునది 1923 డిసెంబరు. నాడు కాకినాడలో కాంగ్రెసు మహాసభ. దానికి అనుబంధముగా ఖద్దరు ప్రదర్శనము. ద్వారమునొద్ద టిక్కెట్టు లేనివారిని లోనికి విడువరాదను పనిని పదునాలుగేండ్ల బాలికయైన యొక సేవికకు అప్పగించిరి. జవాహర్లాల్ నెహ్రూ వచ్చెను. ఆయన యొద్ద టిక్కెట్టు లేదు. బాలిక అడ్డగించెను. నిర్వాహకులు టిక్కెట్టు కొని చూపిన పిమ్మటనే లోనికి పోనిచ్చెను. ఆమెయే దుర్గాబాయి, పిమ్మట ఆంధ్ర మహిళాసభను స్థాపించి, రాజ్యాంగ సభలో కూర్చున్న దుర్గాబాయి దేశ్‌ముఖ్. ఈ కథను మన పాఠ్యపుస్తకములలో బాలిక ధైర్యమునకు ఉదాహరణముగా చెప్పుచుందురు. అది నిజమే. కాని ఇందు రెండవ పాత్రను ఎవరును గమనింపరు. ఆ నిర్వాహకులు టిక్కెట్టు కొనిరి! ఆమె చేతి నియమమును ఆమె చేతిలోనే ఉంచిరి. మా సంఘపు కార్యవర్గమువారే నాడు కాకినాడలో నుండినచో ఏమి చేసియుందురో మేము సులభముగా ఊహింపగలము. "అమ్మాయీ, పెద్దాయన, తప్పుకో" అని భుజము పట్టి ప్రక్కకు నెట్టి, రాత్రికి ఆమె తండ్రితో ఫిర్యాదు చేసియుందురు. దుర్గాబాయి దుర్గాబాయియే యగును గావచ్చు. కాని అట్టి గుండె నిబ్బరము పుట్టుకతో రాని పిల్లలే లోకమున ఎక్కువ. వారికొఱకే సంఘములు.

ఇక మా మాటకు ఎదురు చెప్పువారు ముగ్గురు కలరు. మొదటివారు చదువు చెడునందురు. వీరిది పెద్ద సేన. ఎనిమిదవ తరగతినుండియే పిల్లవానిని ప్రవేశపరీక్షల బందెలదొడ్డిలో చేర్చి, ప్రాతఃకాలము మొదలు రాత్రి వఱకు బల్లకు కట్టివేయువారు వీరు. వసతిగృహపు కిటికీనుండి కనబడు మామిడిచెట్టును ముట్టుకొనుటకైనను ఆ పిల్లలకు అనుమతి లేదు. 2020 జాతీయ విద్యావిధానము ఆరవ తరగతి మొదలు ఎనిమిదవ తరగతి వఱకు గల పిల్లలు పది దినములు పుస్తకముల సంచి లేకుండ వడ్రంగి, కుమ్మరి, తోటమాలి మున్నగువారి యొద్ద పని నేర్వవలెనని చెప్పినది. సంవత్సరమునకు పది దినములు కావు సుమా, ఆ మూడేండ్లలో ఎప్పుడైన పది దినములు! అవియు కూడ వృథా యనువారిని మేము ఎఱుగుదుము.

2019 ఏప్రిలులో తెలంగాణమున ఇంటర్మీడియేటు ఫలితములు వెలువడిన పిమ్మట ఇరువదిమందికి పైగా విద్యార్థులు ప్రాణములు తీసికొనిరి. ఒక సంఘము, ఒక తోట ఉండియుండినచో వారు దక్కియుండెడివారని మేము చెప్పము. అట్లు చెప్పుట ఆ తల్లిదండ్రుల దుఃఖమును ఎగతాళి చేయుటయే. ఆ యేటి మార్కుల లెక్కలలోనే తప్పులు దొర్లినవి. ఆ దోషము పెద్దలది. కాని మేము అడుగున దొకటి. పదునేడేండ్లు వచ్చుదాక ఒక చిన్న పనిలోనైన ఓడిపోయి, మఱునాడు లేచి నలుగురి ముఖము చూచి, ఆ పని మరల మొదలుపెట్టిన అనుభవమును మనము ఏ పిల్లవానికి ఇచ్చుచున్నాము? బెండమొక్కకు తెగులు పట్టిన నాడు పిల్లవాడు ఓడిపోయెను. పదిమందితో కలసి ఓడిపోయెను. ఆ రాత్రి అన్నము తిని నిద్రపోయెను. అది చిన్న సంగతి కాదు. ఆ చిన్న యోటమిని కూడ మేము రైతుబజారు బుట్టలతో కప్పివేసితిమి.

రెండవవారు, ఆడపిల్లలకు ఇవి తగవందురు. నేటి దినములలో ఎవరును ఆ మాట బిగ్గరగా అనరు. ప్రోగ్రాము ఆలస్యమగును, చీకటి పడును, బంధువులు వచ్చుచున్నారు అని మెత్తగా అందురు. తమ్ముడు మాత్రము అదే చీకటిలో అదే సంఘమునకు పోవుచుండును. దీనికి సమాధానము వాదమున లేదు. సంఘపు వేళను సాయంకాలమునుండి ఉదయమునకు మార్చుటయు, పిల్లను దిగబెట్టుటకు తండ్రి తన స్కూటరును తీయుటయు దీనికి సమాధానము.

మూడవవారు మాకు ఎక్కువ ప్రీతిపాత్రులు, ఏలయన వీరు ఆలోచించి మాటలాడువారు. పూర్వము సంఘములు లేవు, అయినను మా అమ్మమ్మ పదునాలుగేండ్లకే ఇరువదిమందికి వండి వడ్డించెడిది, మా తాత పండ్రెండేండ్లకే ధాన్యపు లెక్క వ్రాసెడివాడు, ఉమ్మడి కుటుంబమే పెద్ద పాఠశాల యందురు. కొంత నిజము. కాని ఆ పాఠశాల అమ్మమ్మకు ధాన్యపు లెక్క నేర్పలేదు, తాతకు అన్నము వార్చుట నేర్పలేదు. ధాన్యమును కొలిచిన పాలేరు కొడుకునకు అక్షరమే నేర్పలేదు. ఆ యిల్లు పిల్లవానికి పనితోపాటు వాని చోటును కూడ నేర్పినది. ఆ చోటు దాటరాదని నేర్పినది. వేఱువేఱు ఇండ్లనుండి వచ్చిన పిల్లలు ఒకే పెట్టెలో డబ్బు వేసి, ఒకే పద్దు క్రింద సంతకము చేయుట ఆ యింట సాధ్యము కాదు. సంఘమున సాధ్యము. అందుకే సంఘము కావలెను.

సాధ్య మంటిమి గాని జరుగుచున్నదనలేదు. మా సంఘమునందే జరిగినది చెప్పెదము. ఆ 14 మంది పిల్లలలో ఎదుటి మేడకు కాపలా ఉండువాని కొడుకు ఒకడు. నేల త్రవ్వుట మొదలు కడవరకు గునపము వాని చేతనే యుండెను. వాడు బాగుగా త్రవ్వును, అలవాటున్నది అనిరి. ఇంజనీరుగారి కుమారునికి మైకు ఇచ్చిరి. వాడు బాగుగా మాటలాడును, అలవాటున్నది అనిరి. ఉన్న అలవాటునే ఇంకను గట్టిపఱచుటకు సంఘ మెందులకు? గునపము పట్టినవానికి నెలకొకసారియైన మైకు ఇచ్చి, వాడు తడబడుచుండగా తక్కినవారు ఓపికతో కూర్చుండుటయు, మైకు పట్టినవాని అఱచేతులు గునపమున బొబ్బలెక్కుటయు – మేము కోరు విద్య ఇది. వంతులు నీరు పోయుటలో మాత్రమే పెట్టి, పెత్తనములో పెట్టకపోవుటయే మన సంఘముల గుట్టు. గుండె యని వ్రాసికొన్న బ్యాడ్జీని గూర్చి ముందు చెప్పుదుమన్న మాట ఇదియే.

ఈ సంఘముల వలన నిజముగా మేలు కలుగునా, ఏమైన లెక్క కలదా యని కొందఱు అడుగుదురు. 2002 మొదలు పెక్కేండ్లు అమెరికాలోని టఫ్ట్స్ విశ్వవిద్యాలయమువారు 42 రాష్ట్రములలో 7,000 మందికి పైగా పిల్లలను పరిశీలించి, ఫోర్ హెచ్ సంఘములలోని పిల్లలు ఊరి పనులలో పాల్గొనుటయందు, ఆరోగ్యకరమైన అలవాట్లయందు తక్కినవారికంటె ముందుండిరని తేల్చిరి. ఆ పరిశీలనకు ఆ సంఘములవారి సాయమే యుండెననుటయు, ఇట్టి సంఘములలో చేరు పిల్లల ఇండ్లు మొదటినుండియే కొంత మేలైనవి కావచ్చుననుటయు దాచకుండ చెప్పవలసిన మాటలే. మేము దానిమీద ఎక్కువ బరువు మోపము. మాకు ఆ బాలిక పద్దుపుస్తకమే చాలిన ప్రమాణము.

కార్యవర్గముల వారికి మేము చేయు మనవి కొంచెము. సొమ్ము కొద్దిగా నిండు. పోయినను మీ గుండె ఆగనంత. ఇచ్చిన పిమ్మట అది మీది కాదు. పెట్టె తాళపుచెవి పిల్లలయొద్ద నుండనిండు. వారు అడిగిననే సలహా చెప్పుడు. కత్తి, నిప్పు, కరెంటు, లోతునీరు – ఇచ్చట మాత్రము అడుగకున్నను అడ్డుపడుడు; తక్కినచోట్ల వారు పొరపాటు పడుచున్నారని తెలిసియు నోరు మూసికొనుట పెద్దల విద్య. ఆ విద్యలో మేమింకను ఓనమాలు దిద్దుచున్నాము. బహుమాన మీయదలచినచో పెద్ద సొరకాయకు గాక నిజమైన పద్దునకు ఇండు. ముఖ్య అతిథి తప్పనిచో, ఆయనను వేదికపై కాక తోటలోనికి తీసికొనిపోయి, ఒక గంటసేపు పిల్లలచేత నడిపింపుడు. శాలువా ఖర్చు మిగులును. దానితో వచ్చు ఏటికి విత్తనములు వచ్చును.

మా సంఘపు సంగతి యేమైనదని చదువరులు అడుగుదురు. మేము ఆ బాలిక యింటికి రెండుమారులు పోయితిమి. మొదటిసారి తల్లి, పరీక్షలు దగ్గఱపడినవని చెప్పి కాఫీ యిచ్చి పంపెను. రెండవసారి బాలికయే బయటికి వచ్చెను. "ఆ పేజీ మళ్లీ రాయనిస్తే వస్తానండీ" అనెను. అంతకంటె ఏమియు కోరలేదు. మేము ఆ కోరికను వ్రాతమూలముగ కార్యవర్గము ముందు పెట్టి, వేదికపై మేము చేసిన పనికి మా క్షమాపణను సంఘపు మినిట్సు పుస్తకములో వ్రాసికొనవలసినదని కోరితిమి. సమావేశము మూడు గంటలు జరిగెను. పాత సంగతులు త్రవ్వుట సంఘమునకు మంచిది కాదని ముగ్గురనిరి. ఇద్దఱు మాతో ఏకీభవించిరి. పుట చింపినవారు మౌనముగ నుండిరి. విషయమును వచ్చు నెలకు వాయిదా వేసిరి. పిల్లలు మాత్రము ఆ నేలను మరల త్రవ్విరి. ఈమాఱు గోరుచిక్కుడు వేసినారట. పద్దు వ్రాయువారు లేక చీటీలన్నియు ఒక డబ్బాలో దాచుచున్నారు.